కర్త లేని వాక్యం

మా ఇంట్లో ఎవరూ ఏదీ పగలగొట్టరు. నేను కాపరానికి వచ్చింది 1976లో. అప్పట్నుంచీ ఈ ఇంట్లో గాజు గ్లాసులు పగిలిపోయాయి, కూరలు మాడిపోయాయి, పాలు పొంగిపోయాయి, గొడుగులు పోయాయి, ఇస్త్రీ చేసిన చొక్కాల మీద మరకలు పడ్డాయి. అంతేగానీ ఫలానావాళ్ళు పగలగొట్టారనీ, ఫలానావాళ్ళు మాడ్చారనీ ఒక్క దాఖలా లేదు. గృహప్రవేశం నాడు మాత్రం "పాలు పొంగించాం" అని కనబడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాం. అవే పాలు, అదే పొయ్యి. మర్నాటి నుంచి వాటంతట అవే పొంగడం నేర్చుకున్నాయి. మీ ఇంట్లోనూ ఇంతేనా?

ఈ సంగతి నా కళ్ళకి కట్టించింది మా మనవరాలు. తొమ్మిదో క్లాసు అయ్యాక వేసవి సెలవులకి తెనాలి వచ్చింది. వస్తూ వస్తూ రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పుస్తకం మోసుకొచ్చింది. వాళ్ళమ్మ ఆజ్ఞ: సెలవులయ్యేసరికి టెన్సులూ వాయిసులూ పూర్తవ్వాలి. ఆ పుస్తకం చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నేను ఇంటర్ చదివిన రోజుల్లో మాకూ అదే శరణ్యం. అట్ట మారింది గానీ లోపలి మనుషులు మారలేదు. ఇంకా ఎవరో ఒకడు ఉత్తరం రాస్తూనే ఉన్నాడు, పక్క వాక్యంలో ఆ ఉత్తరం వాడిచేత రాయబడుతూనే ఉంది.

ఓ రోజు పొద్దున్నే వంటింట్లో ఠంగుమని చప్పుడైంది. వెళ్ళి చూద్దును కదా, పింగాణీ కప్పు రెండు ముక్కలు. పిల్ల పక్కనే నిలబడి ఉంది.

"ఏమిటే ఇది?"

"ది కప్ వజ్ బ్రోకెన్, అమ్మమ్మా."

"ఎవరిచేత?"

అది కాసేపు ఆలోచించి, "బై మీ తీసేయొచ్చు అమ్మమ్మా. చేసినవాళ్ళెవరో తెలియకపోయినా, చెప్పక్కర్లేకపోయినా తీసేయొచ్చని పుస్తకంలోనే ఉంది" అంది.

చెప్పొద్దూ, నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ముక్కలు ఎత్తాను. కానీ ఆ మాట మాత్రం ఆ చీపురుకి అందలేదు. నాతోనే ఉండిపోయింది.

ఇంగ్లీషువాళ్ళ కర్మణి ప్రయోగం మనకి అచ్చిరాదని అందరూ అంటారు. నిజమే. "అన్నం నాచేత తినబడింది" అని తెలుగింట్లో ఎవరైనా అంటే జ్వరం చూస్తాం. మనకి అది నోటి భాష కాదు, గోడ మీది భాష. "ఇందుమూలముగా తెలియజేయబడుచున్నది" అని సర్కారువారు అంటారు. "పెద్దలచే నిశ్చయింపబడిన సుముహూర్తమున" అని శుభలేఖ అంటుంది. మా వీధి చివర కిరాణా కొట్టులో "అరువు ఇవ్వబడదు" అని బోర్డు ఉండేది. ఆ కొట్టాయన మెతక మనిషి. ఎదుటపడి "నేనివ్వనమ్మా" అనలేడు. అందుకే ఆ మాట అట్టముక్క చేత అనిపించాడు. ఆ బోర్డు కిందనే మేమందరం నెలాఖరున అరువు పెట్టేవాళ్ళం. అది వేరే సంగతి.

అయితే కర్తని దాచడానికి మనకి ఆ 'బడు'తో పనేముంది? మన క్రియల్లోనే జంటలున్నాయి. పగులుతుంది, పగలగొడతాం. మాడుతుంది, మాడుస్తాం. తెగుతుంది, తెంచుతాం. చిరుగుతుంది, చించుతాం. ఆగుతుంది, ఆపుతాం. ఇంగ్లీషులో చాలా చోట్ల ఒకే మాటతో రెండు పనులూ నడిచిపోతాయి. కప్పు 'బ్రోక్', నేను కప్పుని 'బ్రోక్'. క్రియ మారదు. మనకలా కుదరదు. నోరు తెరిచే ముందే తేల్చుకోవాలి, పగిలిందా, పగలగొట్టామా అని. మూడేళ్ళ పిల్లకి కూడా ఈ తేడా తెలుసు. నెయ్యి గిన్నె ఒలకబోసి "ఒలికిపోయింది" అంటుంది గానీ పొరపాటున కూడా "ఒలకబోశాను" అనదు. ఎవరు నేర్పారు దానికి? మనమే. మన నోట ఆ 'పోయింది' వినీ వినీ నేర్చుకుంది.

పాణిని రెండున్నర వేల ఏళ్ళ కిందటే ఈ వ్యవహారాన్నంతా కారకాలని పేరు పెట్టి లెక్క తేల్చాడట. ఒక పని జరిగిందంటే దాని చుట్టూ ఆరుగురుంటారు. చేసేవాడు కర్త. వాడు చేసే పని ఎవరిని చేరాలో, దేన్ని చేరాలో అది కర్మ. పనికి సాధనమైంది కరణం. ఎవరికోసం ఇస్తున్నామో వాళ్ళు సంప్రదానం. ఎక్కడినుంచి విడివడిందో అది అపాదానం. ఎక్కడ జరిగిందో అది అధికరణం. చిన్నప్పుడు డుమువులు వల్లెవేశామే, ఆ విభక్తులు వీళ్ళు కట్టుకునే బట్టలు. బట్టలు మార్చుకున్నా మనిషి అదే మనిషి. కప్పు వాక్యంలో ముందొచ్చినా వెనకొచ్చినా పగిలింది కప్పే, పగలగొట్టింది మనవరాలే. 1968లో అమెరికాలో ఛార్లెస్ ఫిల్‌మోర్ అనే భాషాశాస్త్రవేత్త ఇంచుమించు ఇలాంటి మాటే ఇంగ్లీషు గురించి చెప్పాడు. తలుపు తెరిచాను అన్నా, తాళంచెవి తలుపు తెరిచింది అన్నా, తలుపు తెరుచుకుంది అన్నా, వాక్యంలో పెద్దపీట మీద ఎవరు కూచున్నా, ఎవరి పాత్ర వాళ్ళదే. పీట వేరు, పాత్ర వేరు. పెళ్ళి పందిట్లో చూడండి, పీటల మీద కూచున్నవాళ్ళే పెళ్ళి నడిపిస్తున్నారని ఎవరైనా అనుకుంటారా?

పెళ్ళంటే గుర్తొచ్చింది. నన్నడిగితే "నాకు పందొమ్మిదో ఏట పెళ్ళి చేశారు" అంటాను. చేసినవాళ్ళు ఎవరో, 'శారు' అన్న ఆ చిన్న తోకలో దాక్కున్నారు. నేను 'నాకు' అని పక్కన నిలబడి ఉన్నాను, కట్నంతో పాటు ఇచ్చే సారెలాగా. మా అమ్మాయి "నాకు పెళ్ళయింది" అంటుంది. అందులో చేసినవాళ్ళు కూడా లేరు. వాన పడ్డట్టు, పొద్దుగూకినట్టు, దానంతట అదే అయింది. రేపు మనవరాలు "పెళ్ళి చేసుకున్నాను" అంటుంది కాబోలు. ఆ 'కొను' ఉంది చూశారూ, అది ఇంగ్లీషువాడికి లేదు. వండటం వేరు, వండుకోవడం వేరు. నలుగురికి వండినన్నాళ్ళూ వండాను. ఇప్పుడు ఒక్కదాన్నీ వండుకుంటున్నాను.

అలాగే 'ఇంచు' కూడా. తాజ్ మహల్‌ని షాజహాన్ 'బిల్ట్' అని ఇంగ్లీషు పాఠంలో ఉంటుంది. మనం 'కట్టించాడు' అంటాం. ఒక్క 'ఇంచు' ముక్కతో రాళ్ళెత్తిన వాళ్ళందరికీ వాక్యంలో చోటిచ్చేశాం, పేర్లు చెప్పకపోయినా.

ఇక 'పడు' సంగతి. నిజానికి మన కర్మణిలో ఉన్న 'బడు' ఈ 'పడు'యే. పడటమంటే పైనుంచి ఏదో వచ్చి మన మీద పడటం. బాధపడ్డాం, భయపడ్డాం, సిగ్గుపడ్డాం, మాట పడ్డాం. అత్తగారు అంది అనం, మాట పడ్డాను అంటాం. తిట్టింది అనం, చీవాట్లు తిన్నాను అంటాం. అన్నం తిన్నట్టే! తినేవాళ్ళు కర్తలయ్యారు, పెట్టినవాళ్ళు మాయమయ్యారు. మన ఆడవాళ్ళ జీవితాల్లో సగం వాక్యాలు ఇలాంటివే. ఇదంతా మర్యాదకేనని చాలాకాలం అనుకున్నాను. ఎదుటివాళ్ళ పేరెత్తకుండా మన బాధ చెప్పుకోవడం ఒక సంస్కారం అనుకున్నాను. కాదనను. కానీ అదే సంస్కారం మనం మాట అన్నప్పుడు కూడా మనకి అక్కరకొస్తోంది. అప్పుడు "నాకు కోపం వచ్చింది" అంటాం. కోపం చుట్టంలాగా గుమ్మంలోకి వచ్చిందిట, మనం కాదనలేక లోపలికి పిలిచామట!

టెన్సుల దగ్గరికి వస్తే పిల్ల నన్ను బాగా సతాయించింది. పన్నెండు టెన్సులు గళ్ళు గీసి వరసగా నింపింది. తరచి చూస్తే ఇంగ్లీషు క్రియ తన ఒంటి మీద చూపించే కాలాలు రెండే, జరుగుతున్నది, జరిగినది. తక్కినదంతా సహాయక క్రియల అరువు సొమ్ము. రాబోయే కాలానికైతే సొంత రూపమే లేదు. 'విల్' అంటే పూర్వం కోరుకోవడం. 'షల్' అంటే బాకీ ఉండటం. కోరికనీ బాకీనీ తెచ్చుకుని భవిష్యత్తు కట్టుకున్నారు పాపం. మనమూ ఏం తక్కువ తినలేదు. "రేపు వస్తాను", "రోజూ వస్తాను" రెంటికీ ఒకటే రూపం మనకి. ఎప్పుడూ ఉండే స్వభావాన్ని చెప్పేదాన్ని తద్ధర్మం అన్నారు మన వ్యాకరణంలో. మావారు ముప్ఫై ఏళ్ళపాటు "సిగరెట్లు మానేస్తాను" అనేవారు. అది భవిష్యత్తు అనుకుని నేను ఎదురు చూశాను. తీరా చూస్తే తద్ధర్మం. ప్రతి జనవరిలోనూ మానేస్తారు!

ఆ 'వస్తాను'ని మనం ఇంకోలా కూడా వాడతాం. గుమ్మం దిగి వెళ్ళేవాళ్ళు 'వెళ్తాను' అనరు. అనకూడదు. 'వస్తాను' అంటారు. మనవరాలికి అది వింత. "వెళ్తూ వస్తానంటారేమిటి అమ్మమ్మా, ఏ టెన్సు ఇది?" అని అడిగింది. వ్రాతపుస్తకంలో లేని టెన్సు అన్నాను.

అన్నిటికంటే దానికి కష్టమైంది 'హావ్' పెట్టే వాక్యాలు. పని అయిపోయింది, కానీ దాని సంబంధం ఇప్పటికీ ఉంది, అలాంటప్పుడు 'హావ్' పెట్టాలి. తేదీ గనక చెబితే, నిన్న అనో, 2001లో అనో అంటే, ఇక 'హావ్' పెట్టకూడదు. "డేట్ చెప్పేస్తే అయిపోయినట్టే అమ్మమ్మా. హావ్ రాదు" అని నాకే పాఠం చెప్పింది.

అలాగా అన్నాను. తేదీ చెప్పేస్తే అయిపోతుందా?

సరే, నేనెందుకింత వ్యాకరణం చెబుతున్నానో ఇక చెప్పాలి. 

ఓ మధ్యాహ్నం పిల్ల, "పుస్తకంలో వాక్యాలన్నీ చేసేశాను. నువ్వో వాక్యం ఇవ్వు అమ్మమ్మా, వాయిస్ మారుస్తాను" అంది. ఏం వాక్యమిద్దామా అనుకుంటూ ఉండగానే నా నోట్లోంచి ఒకటి వచ్చింది. "ఉత్తరం ఆలస్యంగా వచ్చింది." (చూశారా, నా నోట్లోంచి 'వచ్చింది'ట. నేను అనలేదన్నమాట.)

అది పెన్సిలు కొరుక్కుంటూ చూసి, "దీనికి వాయిస్ మారదు అమ్మమ్మా" అంది. "కర్మ లేదు. వచ్చింది అంటే వచ్చిందంతే. మార్చాలంటే వేరే క్రియ కావాలి."

ఆ ఉత్తరం 2001 జూన్‌లో వచ్చింది. ఆలస్యంగా కాదు, వేళకే వచ్చింది. మా అమ్మాయి బీఎస్సీ అయ్యాక విశాఖపట్నంలో ఎమ్మెస్సీకి పరీక్ష రాసింది. సీటుకి రమ్మని కార్డు. మావారు ఆఫీసులో ఉన్నారు. అమ్మాయి కుట్టు నేర్చుకోవడానికి వెళ్ళింది. పోస్టుమాన్ నా చేతికే ఇచ్చాడు. చదివాను. రమ్మన్న తేదీ వారం రోజులుంది. హైదరాబాదు సంబంధం వాళ్ళు నాలుగు రోజుల్లో పిల్లని చూసుకోవడానికి వస్తామని కబురు చేసి ఉన్నారు. మంచి సంబంధం. ఆ కార్డు చూస్తే వాళ్ళ నాన్న పిల్లని విశాఖపట్నం పంపిస్తారు. ఆయన సంగతి నాకు తెలుసు. నా చదువు బీఏ మొదటి సంవత్సరంలో 'ఆగిపోయిందని' తలుచుకుని నాకంటే ఆయనే ఎక్కువ నొచ్చుకునేవారు.

మినప్పప్పు డబ్బాలో పెట్టాను. పప్పులోకి గుచ్చి, పైన కప్పేసి, మూత పెట్టాను. తొమ్మిది రోజులు. ఈలోగా పెళ్ళిచూపులయ్యాయి, వాళ్ళకి పిల్ల నచ్చిందని కబురొచ్చింది. తొమ్మిదో నాడు కార్డు తీసి, పిండి దులిపి, కిటికీలో పెట్టాను. అమ్మాయి వచ్చి చూసుకుంది. తేదీ దాటి రెండు రోజులయింది.

నేనన్న మాట నాకిప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తే. "అయ్యో, నీకు ఆలస్యంగా అందిందే" అన్నాను.

అందులో అబద్ధమేముందో మీరే చెప్పండి. ఆలస్యంగానే అందింది. దానికే అందింది. ఒక్క మాట కూడా తప్పు కాదు. ఇన్నేళ్ళూ నన్ను నేను అలాగే ఓదార్చుకున్నాను. ధర్మరాజంతటివాడు కురుక్షేత్రంలో అశ్వత్థామ సంగతి చెప్పినప్పుడు ఏమన్నాడు? 'హతః' అన్నాడు. చంపబడ్డాడని. ఎవరిచేత అన్నది లేదు. చంపింది భీముడు, చచ్చింది ఏనుగు. ఏనుగని కూడా అన్నాడు, వినపడకుండా. అంతవరకూ నేలకి నాలుగంగుళాల పైన నడిచిన ఆయన రథం ఆ మాటతో నేలకి దిగింది. చిన్నప్పుడు ఈ కథ వింటూ, అన్నదాంట్లో అబద్ధం లేదు కదా, ఏనుగు చచ్చిన మాట నిజమే కదా, రథమెందుకు దిగాలి అని మా నాయనమ్మతో వాదించేదాన్ని. ఆవిడ జవాబు చెప్పేది కాదు. జడ గట్టిగా లాగి అల్లేది.

కర్త లేని వాక్యం ఒట్టిగా ఉండిపోతే ఎవరికీ నష్టం లేదేమో. కానీ ఉండదు. ఖాళీ పీట చూస్తే ఎవరినో ఒకరిని కూచోబెట్టాలనిపిస్తుంది మనుషులకి. మావారు కార్డు తిప్పి తిప్పి చూశారు. మన ఊరి ముద్ర అలుక్కుపోయి ఉంది. (ఇది మాత్రం నేను అలకలేదు, నిజంగానే అలుక్కుపోయింది.) అందులో వేసిన తేదీ నుంచి లెక్క కట్టి, "అంటే ఈ మనిషి పది రోజులు సంచిలో వేసుకు తిరిగాడన్నమాట" అన్నారు. మర్నాడు పోస్టుమాన్ వీధిలోకి రాగానే నడిరోడ్డు మీద నిలదీశారు. ఎన్నడూ గొంతెత్తని మనిషి ఆ రోజు కేకలేశారు. ఒక ఆడపిల్ల భవిష్యత్తు నీ సంచిలో కుళ్ళబెట్టావన్నారు. నలుగురూ పోగయ్యారు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

ఆ పెద్దమనిషి సైకిలు పట్టుకుని, ఒకసారి మావారి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. కార్డు ఎవరి చేతికిచ్చాడో అతనికి తెలుసు. ఆ రోజు ఎండ మండిపోతుంటే మంచినీళ్ళడిగి తాగి మరీ వెళ్ళాడు. అయినా అతనన్నది ఒకటే మాట. "పొరపాటు జరిగిందేమోనండి బాబూ."

ఈమధ్య నేనొకచోట చదివాను. 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్, ఇరాన్‌కి ఆయుధాలమ్మిన గొడవ గురించి వాళ్ళ పార్లమెంటులో మాట్లాడుతూ, తీవ్రమైన పొరపాట్లు జరిగాయన్నాడట. మిస్టేక్స్ వర్ మేడ్. ఎవరిచేత అన్నది లేదు. అంతకు నూట పదేళ్ళ ముందు, 1876లో, గ్రాంట్ అనే అధ్యక్షుడు కూడా దిగిపోయే ముందు ఇలాగే అన్నాడు. కాకపోతే పొరపాట్లు జరిగాయి, నేనొప్పుకుంటున్నాను అని ఒక 'నేను' చేర్చాడు, కాస్త నయం. ఇంగ్లీషు తెలిసిన వాళ్ళందరూ ఈ వాక్యాన్ని వేళాకోళం చేస్తారు, బాధ్యత తప్పించుకునేవాళ్ళ వాక్యమని. నేనూ నవ్వేదాన్నే. కానీ మా పోస్టుమాన్ అన్నదీ అదే వాక్యం కదా? అక్షరాలా అదే. వాళ్ళు తమని కాపాడుకోవడానికి వాడారు. అతను నన్ను కాపాడటానికి వాడాడు. నా సంసారం నడివీధిలో పడకుండా, తన మీద పడ్డ మాటని అలాగే పడనిచ్చాడు. కర్తని దాచడం పాపమని ఎవరైనా ఠకీమని అంటే నాకు అతని మొహమే గుర్తొస్తుంది. ఏ వ్యాకరణం చెబుతుంది ఈ రెంటికీ తేడా? వాక్యం చూస్తే ఒకటే. చేసినవాడే దాస్తున్నాడా, చేయనివాడు దాస్తున్నాడా అన్నదొక్కటే తేడా. అది వాక్యంలో కనబడదు.

ఆ ఏడు దసరాకి మావారు అతనికి మామూలు ఇవ్వలేదు. ప్రతి ఏడూ ఇచ్చే మనిషి. వీధంతా తిరిగి మా ఇంటి ముందు ఆగకుండానే వెళ్ళిపోయాడు. నేను లోపల పులిహోర కలుపుతున్నాను.

మనవరాలు పడుకున్నాక, ఆ రాత్రి దాని నోటుబుక్కు వెనకపేజీలో పాణిని లెక్క వేసి చూశాను. కర్మ ఉత్తరం. సంప్రదానం మా అమ్మాయి, దానికోసమే బయల్దేరింది కనక. అపాదానం విశాఖపట్నం. కరణం పోస్టుమాన్. పాపం అతను సాధనం మాత్రమే. అతన్ని తీసుకొచ్చి కర్త పీట మీద కూచోబెట్టాం. అధికరణం మినప్పప్పు డబ్బా. ఇక మిగిలింది ఒక్క గడి. అది నింపడానికి పెన్సిలు ఎందుకో ముందుకి సాగలేదు. 'సాగలేదు' కూడా కాదు, సాగనివ్వలేదు నేను. మావారు 2015లో పోయారు. ఆయనకి చెప్పనేలేదు. ఆయన పోస్టుమాన్ తప్పనే నమ్ముతూ పోయారు. ఆ వాక్యాన్ని ఇక ఏ వాయిస్‌లోకీ మార్చలేను.

సెలవులైపోయాక పిల్లని తీసుకెళ్ళడానికి మా అమ్మాయి వచ్చింది. అది హైదరాబాదులో ఓ స్కూల్లో సైన్సు టీచరుగా చేస్తోంది. బాగానే ఉంది. అల్లుడు మంచివాడు. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, అంతా బాగానే 'అయింది' కదా అని. బాగా అయిందన్నది నా గొప్ప కాదు, కాకపోతే నా తప్పు అయ్యేదా మరి? మంచి జరిగినంత మాత్రాన దాచింది దాచనట్టు అవుతుందా? ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. రోజుకో రకంగా తోస్తుంది.

రాత్రి అంట్లు తోముతుంటే అది పక్కన నిలబడి గిన్నెలు తుడుస్తోంది. అప్పుడు చెప్పాను. ముందు అలవాటు కొద్దీ, "ఆ ఎమ్మెస్సీ కార్డు ఉందే, అది ఆలస్యంగా రాలేదు" అన్నాను. అది అర్థంకానట్టు చూసింది. ఆ వాక్యంలోనూ నేను లేను. మళ్ళీ మొదలుపెట్టాను. "నేను దాచాను."

గిన్నె తుడవడం ఆపింది.

"ఎన్ని రోజులు?"

"తొమ్మిది."

"ఎక్కడ?"

"మినప్పప్పు డబ్బాలో."

చాలాసేపు ఏమీ అనలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఎందుకు దాచావని కూడా అడగలేదు. అడిగితే చెప్పడానికి ఎన్నో తయారు చేసి పెట్టుకున్నాను. కట్నం లేని సంబంధం, ఇంటి పరిస్థితి, ఆ రోజుల్లో లోకం అలా ఉండేది. అవన్నీ నాలోనే ఉండిపోయాయి.

ఆఖరికి, "నాన్న పోస్టుమాన్‌ని తిట్టారు కదా" అంది. "నేను కూడా అప్పట్నుంచి ఆయన్ని చూస్తే మొహం తిప్పుకునేదాన్ని. సైకిలు బెల్లు కొట్టి 'ఏం పాపా' అంటే పలికేదాన్ని కాదు." కాస్సేపాగి, "ఉన్నారా ఆయన?" అని అడిగింది.

రిటైరయ్యారనీ, కాలువ అవతల కొడుకు దగ్గర ఉంటున్నారనీ ఎప్పుడో విన్నానన్నాను. ఉన్నారో లేదో తెలియదన్నాను.

"కనుక్కో" అంది. అంతే. గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని వెళ్ళి పడుకుంది.

పొద్దున్న ఆటో వచ్చింది. సామాను పెట్టించాను, ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి ఇచ్చాను. ఆవకాయ వద్దనలేదు. మనవరాలు ఆటోలోంచి చెయ్యూపుతూ "వస్తాం అమ్మమ్మా" అని అరిచింది. మా అమ్మాయి చెప్పులు వేసుకుంటూ, నావైపు చూడకుండా, "వెళ్తున్నానమ్మా" అంది.

ఆ మధ్యాహ్నం గది సర్దుతుంటే మంచం కింద మనవరాలి నోటుబుక్కు కనిపించింది, మర్చిపోయింది. వెనకపేజీలో నా గళ్ళు అలాగే ఉన్నాయి. కాలువ అవతలికి వెళ్ళి ఆయన సంగతి కనుక్కుని, వస్తూ వస్తూ దాన్ని పోస్టులో వేసి రావాలి. స్కూళ్ళు తెరిచేలోగా అందాలి దానికి.